చేతిపనుల మార్పిడి గ్రూపులో ఎవరైనా రూల్ తప్పితే: అడ్మిన్లు అంచెలంచెలుగా ఏం చేయాలి

నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు వైపు చేతిపనుల వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. "ఒకామె పట్టుదారం గాజులు తీసుకుంది, తను పంపాల్సిన క్రోషే తోరణం పంపలేదు, మెసేజ్ చూసి కూడా పలకట్లేదు. తీసేయాలా, ఊరుకోవాలా?"

రెండూ కాదు. మార్పిడిలో డబ్బు చేతులు మారదు కాబట్టి రీఫండ్ అనేది ఉండదు, బిల్లు ఉండదు. పోయింది ఒక మనిషి రాత్రిపూట పిల్లలు పడుకున్నాక కూర్చుని చేసిన పని. అందుకే నేను చెప్పే వరుస ఎప్పుడూ ఒకటే: ముందు ఎదురుచూస్తున్న మనిషికి వస్తువు అందే దారి చూడాలి, తప్పు చేసిన మనిషి సంగతి ఆ తర్వాత. చాలా గ్రూపుల్లో ఇది తిరగబడుతుంది. తప్పు చేసినామెను నిలదీయడంలో వారం గడిచిపోతుంది, నష్టపోయినామె ఖాళీ చేతులతోనే మిగిలిపోతుంది, వచ్చే విడతకు, అంటే తర్వాతి మార్పిడికి, పేరు ఇవ్వదు.

1. గొడవ రాకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

సగం గొడవలు రూల్ లేకపోవడం వల్ల కాదు, రూల్ కొలవడానికి వీల్లేకుండా రాయడం వల్ల వస్తాయి. "నాణ్యత బాగుండాలి" అని రాస్తే రేపు ఎవరి లెక్క వాళ్లది. గాజులకైతే సైజు, తోరణానికైతే గుమ్మం వెడల్పు అంగుళాల్లో, మగ్గం వర్క్ అయితే ఏ గుడ్డ మీద, ఎంత మేర అని ఇద్దరూ రాసుకుని, అడ్మిన్‌కు చూపించి, అప్పుడు పని మొదలుపెట్టాలి.

గాజుల సైజు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఫిర్యాదుల్లో ఇది తరచూ కనపడుతుంది. 2.4 అంటే రెండు అంగుళాల పైన పదహారింట నాలుగు వంతులు, లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్ల పైచిలుకు. 2.6 అంటే 60 పైచిలుకు. తేడా మూడు మిల్లీమీటర్లే, కానీ ఆ మూడు మిల్లీమీటర్లకే గాజు మణికట్టు దాటదు. పైగా ప్లాస్టిక్ గాజు మీద దారం చుట్టినప్పుడు లోపలి కొలత ఇంకాస్త తగ్గుతుంది. కాబట్టి రూల్ ఇలా ఉండాలి: దారం చుట్టాక, లోపల స్కేలు పెట్టి తీసిన ఫోటో పంపాలి. ఈ ఒక్క వాక్యంతో చాలా తలనొప్పి పోతుంది.

తేదీలు కూడా చూసి పెట్టండి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు మగ్గం పని చేసేవాళ్లకు జాకెట్ల ఆర్డర్లు మీద పడి ఉంటాయి. నెల్లూరులో రొట్టెల పండుగ రోజుల్లో దర్గా వైపు, బస్టాండు వైపు జనంతో కదలడానికే ఉండదు, అప్పుడు ఆర్టీసీ కార్గోలో పార్శిల్ వేయమంటే ఎవరు వెళ్తారు? సంక్రాంతి వారం సంగతి చెప్పక్కర్లేదు. ఆఖరి తేదీని ఇలాంటి రోజుల్లో పెట్టి, తర్వాత ఆలస్యం చేశారని కోప్పడటం న్యాయం కాదు.

విడత మొదలుపెట్టే ముందు ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి:

☐ పేరు, ఊరు, పార్శిల్ అందుకునే అడ్రస్, ఫోన్. ఆధార్ కాపీ అడగొద్దు, మనకు అనవసరం.
☐ ఏం పంపుతున్నారు, ఏం కోరుకుంటున్నారు, కొలతలతో.
☐ పంపాల్సిన ఆఖరి రోజు. ఆ రోజు రాత్రి 8 గంటలకల్లా రసీదు ఫోటో అడ్మిన్‌కు.
☐ పార్శిల్ విప్పేటప్పుడు వీడియో, సీలు విప్పకముందు నుంచి మొదలుపెట్టి.
☐ రూల్ తప్పితే ఏం జరుగుతుందో అదే పేజీలో, దాని కిందనే.
☐ ఇద్దరు అడ్మిన్లు, వీలైతే వేర్వేరు ఊళ్లవాళ్లు.
☐ రిజర్వు పెట్టె.

రిజర్వు పెట్టె అంటే ఏమీ లేదు, అడ్మిన్ల దగ్గర అదనంగా చేసి పెట్టిన కొన్ని వస్తువులు: రెండు జతల గాజులు, ఒక జ్యూట్ సంచి, కుదిరితే ఉదయగిరి చెక్క చెంచాల సెట్టు ఒకటి కొని పెట్టుకోండి, ఎవరికి ఇచ్చినా సంతోషపడతారు. ఎవరైనా మోసపోతే ముందు ఇందులోంచి వెళ్తుంది. అనుభవం ఉన్న సభ్యులు విడతకు ఒక వస్తువు అదనంగా ఇస్తే పెట్టె దానంతటదే నిండుతుంది.

ఇద్దరు అడ్మిన్లు ఎందుకంటే, మన దగ్గర గ్రూపు పెట్టామంటే అందులో ఒకరికొకరు వదినలు, పిన్నులు, మేనకోడళ్లు ఉంటారు. "అడ్మిన్‌ది, ఆమెది ఒకే ఊరు, అందుకే వదిలేసింది" అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చుట్టాల మీద వచ్చిన ఫిర్యాదు రెండో అడ్మిన్ చూడాలి, ఇది రాసి పెట్టిన రూల్‌గానే ఉండాలి.

వాట్సాప్‌లో కొత్తవాళ్లను అడ్మిన్ ఒప్పుకున్నాకే చేర్చుకునే సెట్టింగ్ ఆన్ చేయండి. మామూలు గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనపడతాయి. కమ్యూనిటీ పెట్టి దాని అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడితే మామూలు సభ్యుల నంబర్లు తోటి సభ్యులకు కనపడవు. ఆడవాళ్లు ఎక్కువ ఉన్న గ్రూపుకు నేనైతే ఇదే మేలంటాను.

2. ఫిర్యాదు వచ్చిన మొదటి గంట

ఫిర్యాదు గ్రూపులోనే పడిందనుకోండి. అందరూ దూకకముందే ఒక మెసేజ్ పెట్టండి, ఇంతకు మించి ఒక్క మాట వద్దు:

"ఈ విషయం అడ్మిన్లు చూస్తున్నాం. ఇద్దరితోనూ విడిగా మాట్లాడతాం. దయచేసి ఇక్కడ ఎవరూ కామెంట్ చేయకండి. రేపు సాయంత్రంలోపు మీకు విషయం చెప్తాం."

రేపు సాయంత్రం అన్నారు కాబట్టి ఏమీ తేలకపోయినా రేపు సాయంత్రం ఒక ముక్క చెప్పాలి. "ఇంకా చూస్తున్నాం" అన్నా సరే. అడ్మిన్ నోరు మెదపకపోతే జనం తమకు తోచిన కథ అల్లుకుంటారు.

తర్వాత వెంటనే స్క్రీన్‌షాట్లు. పేరు, తేదీ, టైమ్ కనపడేలా. వాట్సాప్‌లో ఎవరి మెసేజ్ వాళ్లు దాదాపు రెండు రోజుల వరకు అందరికీ కనపడకుండా డిలీట్ చేయొచ్చు, ఈలోపు ఆధారం మాయమైపోతుంది. అడ్మిన్లు కూడా వేరేవాళ్ల మెసేజ్‌లు తీసేయగలరు కానీ స్క్రీన్‌షాట్ తీయకుండా తీసేస్తే మన కొమ్మ మనమే నరుక్కున్నట్టు.

మాటలు శ్రుతి మించుతుంటే అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే సెట్టింగ్‌కు మార్చండి. ఆ రాత్రికి చాలు, తెల్లారి తెరిచేయండి. రోజుల తరబడి మూసి ఉంచితే జనం పక్కన ఇంకో గ్రూపు పెట్టుకుని అక్కడ మాట్లాడుకుంటారు, అది మీకు తెలియదు కూడా.

3. అసలు ఏం జరిగిందో తేల్చుకోవడం

ఇద్దరినీ అడగాలి, వేర్వేరుగా, ఒకే ప్రశ్నలు. "ఎందుకిలా చేశారు" అనేది ప్రశ్న కాదు, నింద. ఏ రోజు పంపారు, దేంట్లో పంపారు, రసీదు ఉందా, చివరిసారి ఎప్పుడు మాట్లాడుకున్నారు, ఫోటోలు ఉన్నాయా. ఇంతే.

పార్శిల్ రాలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటిలో పార్శిల్ ఎక్కడో ఆగి ఉంటుంది. ఆర్టీసీ కార్గోలో కౌంటర్‌కు వెళ్లి తెచ్చుకునే పద్ధతిలో వేస్తే, అది ఒంగోలు బస్టాండు కౌంటర్లో కూర్చుంటుంది, అందుకోవాల్సినామె ఇంటికి వస్తుందని ఎదురుచూస్తుంటుంది. పంపినామె మీద మండిపడే ముందు కౌంటర్‌కు ఒక ఫోన్ కొట్టండి.

స్పీడ్ పోస్టు అయితే ట్రాకింగ్ నంబర్ చూడండి. ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర ఐఎన్, మొత్తం 13. అంకెలు తక్కువ ఉన్న నంబరో, మసకబారిన రసీదో పంపి "పంపేశానండీ" అనేవాళ్లు ఉంటారు. తపాలా శాఖ సైట్లో కొట్టి చూస్తే బుక్ అయిన తేదీ కనపడుతుంది, ఆ తేదీ ఆఖరి రోజుకు ముందా, ఫిర్యాదు వచ్చాకా అన్నది కూడా తేలిపోతుంది. మీ పాత రూల్స్‌లో "రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి" అని ఉంటే ఇప్పుడే మార్చండి, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు.

ఇక కొన్నదాన్ని చేత్తో చేశానని పంపడం. ఇది తేల్చడానికి కన్ను కావాలి. ఎంబ్రాయిడరీ అయితే గుడ్డ తిరగేయండి. మెషిన్ పనిలో వెనకవైపు సన్నటి బాబిన్ దారం (మెషిన్ కింద నుంచి వచ్చే దారం), చాలాసార్లు తెల్లది, ఒకే తీరున పరుచుకుని ఉంటుంది. కొన్నిసార్లు గట్టి కాగితం లాంటి అతుకు చుట్టూ చింపిన అంచు కూడా మిగిలి ఉంటుంది. చేతిపనిలో వెనక ముడులు కనపడతాయి, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారం అడ్డంగా దూకి ఉంటుంది, పైన ఉన్న రంగే కిందా ఉంటుంది. క్రోషేకి ఈ పరీక్ష పనికిరాదు. బజార్లో చవగ్గా దొరికే క్రోషే ముక్క కూడా ఎవరో చేత్తో అల్లిందే అయ్యుంటుంది, దాన్ని నిఖార్సుగా అల్లే మెషిన్ లేదు. అక్కడ చూడాల్సింది వేరే: పని మధ్యలో తీసిన ఫోటో ఉందా లేదా. అందుకే సగం అయ్యాక ఒక ఫోటో, సూదితో సహా, అని రూల్ పెట్టుకుంటే ఈ డిటెక్టివ్ పని తప్పుతుంది.

4. తప్పు ఏ పాటిదో చూడటం

అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. నేను నాలుగు రకాలుగా చూస్తాను.

ఆలస్యం, కానీ మాట్లాడుతున్నారు: ఇది అసలు తప్పు లెక్కలోకే రాదు. కొత్త తేదీ రాయించుకోండి, ఒక్కసారే.

ఆలస్యం, పలకట్లేదు: ఇదే ఎక్కువగా జరిగేది. అడ్మిన్ చర్య మొదలవ్వాలి.

తక్కువ రకం వస్తువు, సైజు తేడా, ఊడిపోయిన జిగురు: కావాలని చేశారా, చేతకాక చేశారా అని చూడాలి. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లను మోసగత్తెను చేయకండి. సరిచేసి పంపే అవకాశం ఇవ్వండి, పంపే ఖర్చు ఆమెదే.

తెలిసి మోసం: కొన్నది చేతిపనిగా చూపడం, వేరేవాళ్ల పని ఫోటో తనదిగా పెట్టడం, రెండు గ్రూపుల్లో ఒకే వస్తువు ఇద్దరికి ఒప్పుకోవడం. దీనికి వార్నింగ్ చాలదు.

గ్రూపులో తన చీరలూ నైటీలూ అమ్ముకునే ప్రకటనలు వేసేవాళ్లు ఈ నాలుగింట్లోనూ రారు. ఆ ప్రకటన తీసేసి, ఒకసారి చెప్పండి. మూడోసారి కూడా వేస్తే బయటికి. దీనికి మీటింగులు అక్కర్లేదు.

5. మాట్లాడే పద్ధతి

ముందు ఫోన్, తర్వాత మెసేజ్. మెసేజ్‌లో ఎంత మెత్తగా రాసినా కఠినంగానే చదువుకుంటారు. ఫోన్ చేశాక మాట్లాడుకున్నది రెండు ముక్కల్లో రాసి పంపండి, అదే మీ రికార్డు.

ఫోన్లో మాట ఇలా మొదలుపెట్టొచ్చు:

"అక్కా, బాగున్నారా? కావలి ఆమెకు మీ తోరణం పోయిన సోమవారం పంపాల్సింది కదా. ఇంట్లో ఏమన్నా ఇబ్బందా? కుదరకపోతే కుదరదని చెప్పేయండి, ఏమీ అనుకోం. మా దగ్గర ఒకటి ఉంది, ఆమెకు అది పంపేస్తాం. కానీ ఆమె గాజులు మీ దగ్గరే ఉన్నాయి, వాటి సంగతి ఇప్పుడే ఒకటి అనుకుందాం."

చూడండి, ఇందులో తిట్టు లేదు, అలాగని వదిలేయడమూ లేదు. నలుగురిలో పరువు పోతుందన్న భయంతోనే చాలామంది ఫోన్ ఎత్తరు. తప్పుకునే దారి చూపిస్తే ఎత్తుతారు. ఇంట్లో జ్వరాలు, అత్తగారి ఆపరేషన్, పిల్లల పరీక్షలు, నిజంగానే ఉంటాయి. నిజమో కాదో మనం తవ్వక్కర్లేదు, ఎందుకంటే కారణం ఏదైనా అడిగేది ఒకటే: గాజులు వాడకపోతే తిరిగి పంపండి, వాడేస్తే తోరణానికి తేదీ చెప్పండి.

తర్వాత రాసే మెసేజ్:

"అక్కా, ఇందాక అనుకున్నట్టు: శనివారంలోపు తోరణం స్పీడ్ పోస్టులో వేసి రసీదు ఫోటో పంపుతామన్నారు. లేకపోతే గాజులు తిరిగి పంపుతామన్నారు. రెండూ జరగకపోతే వచ్చే విడతలో పేరు ఉండదు. సరేనా?"

ఆ చివరి "సరేనా"కు జవాబు రప్పించుకోండి. "ఊఁ" అన్నా చాలు.

పెద్దవయసు ఆవిడైతే ఇంకొంచెం ఓపిక పట్టాలి, కానీ రూల్ మాత్రం మార్చొద్దు. పెద్దమ్మా అని పిలుస్తూనే తేదీ అడగొచ్చు.

6. చర్యల వరుస

ఒకటి, నష్టపోయినామెకు రిజర్వు పెట్టెలోంచి వస్తువు. ఫిర్యాదు నిజమని తేలిన రోజే. శనివారం దాకా ఆగక్కర్లేదు, తర్వాత తోరణం వస్తే అది పెట్టెలోకి వెళ్తుంది.

రెండు, రాతపూర్వక వార్నింగ్, ఏ రూల్, ఏ తేదీ అని స్పష్టంగా.

మూడు, ఒక విడత ఆపడం. గ్రూపులో ఉంటారు, చూస్తారు, మాట్లాడతారు, కానీ మార్పిడిలో ఉండరు.

నాలుగు, తీసేయడం. తీసేసే ముందు విడిగా ఒక మెసేజ్: కారణం, తేదీలు, మళ్లీ రావాలంటే ఏం చేయాలో. చెప్పకుండా తీసేస్తే ఆమె తరఫు నలుగురు మర్నాడు వెళ్లిపోతారు.

గ్రూపులో చెప్పేటప్పుడు పేరు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. "ఈ విడతలో ఒక మార్పిడి పూర్తి కాలేదు, అందుకోవాల్సినవారికి రిజర్వు నుంచి పంపాం" అంటే చాలు, తెలియాల్సినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. వేరే గ్రూపుల అడ్మిన్లు అడిగితే జరిగింది మాత్రమే చెప్పండి: ఫలానా తేదీన తీసుకున్నారు, ఇప్పటికి పంపలేదు. దొంగ, మోసగత్తె లాంటి మాటలు రాతలో పెడితే రేపు పరువునష్టం అంటూ మీ మెడకే చుట్టుకుంటుంది.

7. వరుసతో పనిలేకుండా అప్పటికప్పుడే తీసేయాల్సినవి

రెండున్నాయి.

ఒకటి, సభ్యురాళ్ల నంబర్లు గ్రూపులోంచి తీసుకుని ఇన్‌బాక్స్‌లో విసిగించడం. "మీ డీపీ బాగుంది" దగ్గర మొదలవుతుంది. ఇక్కడ రెండో అవకాశం, ఇరువైపుల వాదన, ఏమీ లేవు. స్క్రీన్‌షాట్ తీసుకుని ఆ మనిషిని తీసేయండి, ఆ నంబర్‌ను బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టమని ఇబ్బంది పడ్డ సభ్యురాలికి చెప్పండి. బెదిరింపులు ఉంటే 112కు ఫోన్ చేయమని చెప్పండి, మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది. "ఎందుకులేమ్మా, ఇంట్లో తెలిస్తే గొడవ" అని అడ్మినే ఆమెను వెనక్కి లాగకూడదు. ఏం చేయాలో ఆమె ఇష్టం.

రెండు, డబ్బు. మార్పిడి గ్రూపులో "కొరియర్ చార్జీ నాకు ఫోన్‌పే చేయండి, నేను వేస్తా" అని కొత్త నంబర్ అడిగితే అనుమానించాలి. ఎవరి పార్శిల్ ఖర్చు వాళ్లదే అన్న రూల్ ఉంటే ఈ తలుపు మూసుకుపోతుంది. డబ్బు పోయిందంటే గ్రూపులో చర్చ పెట్టకుండా వెంటనే 1930కు ఫోన్ చేయించండి, సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

"సభ్యులు చేసినదానికి అడ్మిన్ మీద కేసు పడుతుందా" అని టెన్షన్ పడేవాళ్లకు: సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు, అడ్మిన్ అన్న ఒక్క కారణంతో బాధ్యుణ్ని చేయలేమని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అలాగని తెలిసీ అందులో పాలుపంచుకుంటే ఆ రక్షణ ఉండదు.

8. అడ్మిన్లు చేసే పొరపాట్లు, వాటికి విరుగుడు

ఇద్దరినీ కలిపి మూడు నంబర్ల గ్రూపు పెట్టి మాట్లాడించడం. పంచాయితీ అవుతుంది. విడివిడిగానే మాట్లాడండి, తేలాక మాత్రమే కలపండి.

బాగా పని చేసే సభ్యురాలికి రూల్ సడలించడం. మంచి మగ్గం వర్క్ చేస్తుందని ఆమె ఆలస్యాన్ని చూసీ చూడనట్టు పోతే, తర్వాత ఎవరినీ అడగలేరు.

విడత మధ్యలో రూల్ మార్చడం. లోపం కనపడితే నోట్ చేసుకోండి, వచ్చే విడత నుంచి పెట్టండి.

ఫిర్యాదు చేసినామెనే "సర్దుకుపో తల్లీ" అనడం. ఇది అన్నిటికన్నా ఎక్కువ చూస్తాను. ఆమె సర్దుకుపోతుంది, మళ్లీ ఏదీ పంపదు.

రాత్రి పదకొండింటికి కోపంలో నిర్ణయం తీసుకోవడం. ఏడో భాగంలో చెప్పినవి తప్ప ఏదీ తెల్లారేదాకా ఆగలేనిది కాదు.

9. తీసేసినవాళ్లు మళ్లీ వస్తామంటే

వస్తారు. ఆర్నెల్లకో, ఏడాదికో "తప్పయిపోయింది, మళ్లీ చేర్చుకోండి" అని మెసేజ్ వస్తుంది. వేధించినవాళ్లకూ, డబ్బు కాజేసినవాళ్లకూ తలుపు లేదు. మిగతావాళ్లకు తెరవొచ్చు, కానీ ఈ షరతులతో:

☐ బాకీ ఉన్న వస్తువు, లేదా అందుకు సమానమైనది, ముందు పంపాలి.
☐ మొదటి విడతలో ముందు ఆమె పంపాలి, అది అందాకే అవతలివాళ్లు పంపుతారు.
☐ జత అడ్మిన్‌తోనే, లేదా ఒప్పుకున్న పాత సభ్యురాలితో. కొత్తవాళ్లతో కలపొద్దు.
☐ పాత ఫిర్యాదుదారుకు ముందుగా చెప్పాలి. ఆమె అనుమతి అక్కర్లేదు, కానీ గ్రూపులో ఆ పేరు చూసి ఉలిక్కిపడే పరిస్థితి రాకూడదు.

ఆ విడత సాఫీగా జరిగితే పాత ఫైలు మూసేయండి, ఎవరైనా తవ్వినా "అది అయిపోయింది" అనండి. స్క్రీన్‌షాట్లు మాత్రం ఇంకో ఏడాది ఉంచి, తర్వాత డిలీట్ చేయండి. అడ్మిన్ బాధ్యత వేరేవాళ్లకు అప్పగిస్తుంటే మార్పిడి వివరాలు రాసుకున్న నోటుపుస్తకం, రిజర్వు పెట్టె, పెండింగ్‌లో ఉన్న ఫిర్యాదుల లిస్టు మూడూ ఒకేరోజు చేతికివ్వండి.